జంక్షన్ దుమ్ములో బండి ఊపిరి

తెల్లవారుజామున నాలుగు గంటలు. హనుమాన్ జంక్షన్‌లో అప్పుడే తెల్లారిందా అంటే టీకొట్టు వాళ్లు నవ్వుతారు. అసలు పొద్దుగూకిందెప్పుడు కనుక! గుడివాడ రోడ్డు మీంచి చేపల పెట్టెలతో ఒక బండి వస్తుంది. నూజివీడు వైపు నుంచి కోడిగుడ్ల అట్టలతో ఇంకోటి దిగుతుంది. బెజవాడ నుంచి కిరాణా సరుకుతో మరోటి. కూడలిలో అభయాంజనేయస్వామి గుడి దగ్గరికి రాగానే డ్రైవరు ఒక్క క్షణం వేగం తగ్గిస్తాడు. స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి దణ్ణం పెట్టుకుంటాడు. మళ్లీ గేరు మార్చి సాగిపోతాడు.

ఆ స్వామి వాయుపుత్రుడు. ఆయన ఎదుట నుంచి పోయే ఈ బండ్లన్నిటికీ ప్రాణం కూడా గాలే. కానీ డీజిల్ గురించి రోజూ లెక్కలు వేసుకునే బండి ఓనరు గాలి సంగతి మాత్రం పట్టించుకోడు. ‘ఎయిర్ ఫిల్టరు పోయింది, మార్చాలి’ అని మెకానిక్కు చెప్పినప్పుడే అది గుర్తొస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. కంపెనీది వెయ్యాలా, బయటిది వెయ్యాలా? ఉన్నవాటిలో చౌకది చాలా? లేక బండికి కొత్త బలం వస్తుందని కుర్రాళ్లు చెప్పుకునే, వేలకు వేలు పలికే ఫిల్టరు పెట్టించాలా? కిస్తీ కట్టుకుంటూ బండి నడుపుకునేవాడికి ఇది చిన్న ప్రశ్నేం కాదు. తప్పు సరుకు వేస్తే ఏడాది తిరిగేసరికి ఇంజిన్ దించాల్సి రావచ్చు మరి!

నాలుగు దారులు... నాలుగు దుమ్ములు

కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో ఉంది జంక్షన్. చెన్నై, కోల్‌కతాలను కలిపే జాతీయ రహదారి మీద, విజయవాడకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో. పెద్దవాళ్లు ఇప్పటికీ అయిదో నంబరు రోడ్డు అనే ఆ రహదారి సంఖ్య ఇప్పుడు 16. తూర్పుగా పోతే ఏలూరు. ఒక పక్కకి తిరిగితే నూజివీడు, ఇంకో పక్కకి తిరిగితే గుడివాడ, అక్కణ్నుంచి బందరు. 2001లో అర్జున్, జగపతిబాబు, వేణు నటించిన ‘హనుమాన్ జంక్షన్’ సినిమా ఈ పేరును రాష్ట్రమంతా మోగించింది. లారీ డ్రైవర్లకు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఇది నోట్లో నానిన పేరు. బైపాస్ వచ్చాక దూరప్రయాణం లారీలు ఊళ్లోకి రాకుండానే వెళ్లిపోతున్నాయి. చిన్న బండ్లకు అలా కుదరదు. వాటి బేరాలన్నీ ఊళ్లోనే, ఊళ్ల మధ్యే.

చిత్రమేమిటంటే, ఇక్కడ దారితో పాటు నేల కూడా మారిపోతుంది. నూజివీడు వైపు మెట్ట. ఎర్రనేలలు, మామిడి తోటలు, గ్రావెల్ బాటలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయల లోడుకి తోటలోకి వెళ్లిన పికప్పు ఏ రంగుదైనా సరే, ఎర్రగా తిరిగొస్తుంది. ముందు బండి లేపిన దుమ్ములోంచే వెనక బండి పోవాలి.

గుడివాడ వైపు డెల్టా. నల్లమట్టి, వరిచేలు, కొల్లేరు దాకా పరుచుకున్న చేపల చెరువులు. తడి నేల కదా, దుమ్మెక్కడిది అనిపిస్తుంది. ఎండాకాలంలో చెరువు గట్ల మీద తిరిగి చూస్తే తెలుస్తుంది. బురద ఎండి, టైర్ల కింద నలిగి పిండిలా లేస్తుంది. దానికి తోడు చేపల మేతకు తోలే తవుడు. బస్తాలు ఎక్కించి దించేటప్పుడు మెత్తటి పొడి గాల్లోకి లేచి మనుషుల్నీ బండినీ కూడా కప్పేస్తుంది. నవంబరు, డిసెంబరు వస్తే వరి కోతలు. పొట్టు, నూగు, గడ్డి పీచు. హైవే మీద బూడిద రంగు దుమ్ము, పొగ మసి సరేసరి. వానాకాలంలో అయితే దుమ్ముకు బదులు నీళ్ల తుంపర.

అంటే ఇక్కడ తిరిగే ఒకే బండి ఏడాదిలో నాలుగు రకాల గాలి పీలుస్తుంది. ఎక్కడో నున్నటి రోడ్డు మీద తిరిగే బండిని దృష్టిలో పెట్టుకుని రాసిన కిలోమీటర్ల లెక్క దీనికి సరిపోదు. ఆ మాట కంపెనీ పుస్తకాల్లోనే ఉంటుంది... దుమ్ము ప్రాంతాల్లో ఫిల్టరు ఇంకా ముందే మార్చమని. చదివేవారే తక్కువ!

నిమిషానికి రెండున్నర వేల లీటర్లు

బొలెరో పికప్పులో వచ్చే రెండున్నర లీటర్ల ఇంజిన్నే తీసుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి నింపుకుంటుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే వెయ్యిసార్లు నిండుతుంది. వెయ్యిని రెండున్నరతో హెచ్చవేస్తే 2,500 లీటర్లు. టర్బో అదనంగా తోసే గాలి కలిపితే ఇంకా ఎక్కువ. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు పీలుస్తాడు. అంటే 300 మందికి పైగా మనుషుల ఊపిరి ఈ బండి ఒక్కటే పీల్చేస్తోందన్నమాట. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌ది రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్. అంత చిన్నదానికి కూడా అదే వేగంలో నిమిషానికి 700 లీటర్లు కావాలి.

ఆ గాలితో పాటు దుమ్మూ వస్తుంది. మన నేలల దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఇసుకలోని సిలికా ఇనుము కంటే గట్టిది. పిస్టన్ రింగులకూ, లైనరు గోడకూ మధ్య ఉండే నూనె పొర మందం కొన్ని మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే అదెంత పల్చనో ఊహించుకోవచ్చు. కంటికి కనిపించే పెద్ద రేణువుల్ని ఏ ఫిల్టరైనా ఆపుతుంది. కంటికి ఆనని 10, 20 మైక్రాన్ల పొడే ఆ నూనె పొరలోకి దూరి ఆకురాయిలా అరగదీస్తుంది. టర్బో ఉన్న బండిలో ఇంకో ప్రమాదం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే దాని చక్రం రెక్కలకు ఆ పొడి తగులుతూనే ఉంటుంది.

ఈ జబ్బు ఒక్కరోజులో బయటపడదు. మొదట ఇంజిన్ ఆయిలు తగ్గడం మొదలవుతుంది. తర్వాత లోడు మీద బండి లాగదు. పొద్దున్నే స్టార్టింగు మొరాయిస్తుంది. సైలెన్సరు నుంచి నీలిపొగ. చివరికి షెడ్డులో ఆ మాట వినాల్సి వస్తుంది... ‘ఇంజిన్ బోరుకొచ్చింది’. అప్పుడు డబ్బు ఒకటే కాదు, బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది. కిరాయి పోతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

బజారులో ఉన్నవి ఏమిటి?

స్పేర్ పార్టుల కొట్టుకెళ్లి ‘పికప్పుకి ఎయిర్ ఫిల్టరు’ అంటే బల్ల మీద మూడు నాలుగు రకాలు పడతాయి.

మొదటిది బండి కంపెనీ పేరుతో వచ్చే ఒరిజినల్. రెండోది ఫిల్టర్లే వృత్తిగా పెట్టుకున్న బాష్, ఫ్లీట్‌గార్డ్, డొనాల్డ్‌సన్, మాన్, ఎలోఫిక్ వంటి సంస్థల సరుకు. బండి కంపెనీలు ఫిల్టర్లను చాలావరకు సొంతంగా తయారు చేసుకోవు. ఇలాంటి సంస్థల దగ్గరే చేయించుకుని తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. కాబట్టి పెట్టె మీద బండి కంపెనీ ముద్ర లేనంత మాత్రాన అది నాసిరకం కాదు. అందుబాటు ధర కోరుకునేవారు మొదట చూడాల్సిన వరుస ఇదే.

మూడోది పేరూ ఊరూ లేని సరుకు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. ధర సగం కూడా ఉండదు. కాగితం పలచన, మడతలు తక్కువ, అంచు రబ్బరు గట్టి. దీనికి అన్నయ్య లాంటిది నకిలీ. పెట్టె, ముద్ర, హోలోగ్రామ్ అన్నీ ఉంటాయి, లోపల మాత్రం సరుకు మూడో రకమే!

నాలుగోది కుర్రాళ్ల మోజు. నూనె రాసిన నూలు గుడ్డ పొరలతో చేసే, కడిగి మళ్లీ వాడుకునే ఫిల్టరు. 1969లో కాలిఫోర్నియాలో పుట్టిన కె అండ్ ఎన్ కంపెనీ వీటికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఇందులో రెండు తరహాలు. పాత డబ్బాలోనే ఇమిడిపోయేది ఒకటి. డబ్బా మొత్తం తీసేసి, గొట్టంతో సహా బిగించే శంఖం ఆకారపు ఫిల్టరు ఇంకోటి. శ్రీసిటీ ఫ్యాక్టరీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మాక్స్ లాంటి పికప్పులు కొన్నవారు వీటి గురించి ఎక్కువగా ఆరా తీస్తుంటారు.

మోత వేరు... బలం వేరు

శంఖం ఫిల్టరు పెడితే బండి ‘గుర్రు’మని కొత్త శబ్దం చేస్తుంది. యాక్సిలరేటరు తొక్కితే ఈల వేస్తుంది. బలం పెరిగిందనిపిస్తుంది. నిజంగా పెరిగిందా?

డీజిల్ ఇంజిన్లో బలాన్ని నిర్ణయించేది ముఖ్యంగా లోపలికి వెళ్లే డీజిల్. ఎంత డీజిల్ చిమ్మాలో ఇప్పటి బండ్లలో కంప్యూటరు చెబుతుంది. కావలసిన గాలిని టర్బో ఎటూ తోస్తూనే ఉంటుంది. మామూలు ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు గాలికి కొరత లేదు. లేని కొరత తీరిస్తే వచ్చే లాభం ఎంత? పైగా కంపెనీ బిగించిన గొట్టం బయటి చల్లగాలిని పట్టుకొచ్చేలా ఉంటుంది. డబ్బా తీసేసి బానెట్ కింద తెరిచిపెట్టిన ఫిల్టరు ఇంజిన్ వేడిగాలిని పీలుస్తుంది. వేడిగాలి పలచన. మే నెల ఎండలో నూజివీడు తోటలో నిలబడ్డ బండికి ఇది వరం కాదు, శాపం.

ఇంకో సంగతీ ఉంది. గాలి తేలిగ్గా పోవాలంటే రంధ్రాలు పెద్దవి కావాలి. రంధ్రాలు పెద్దవైతే సన్నటి పొడికీ దారి దొరుకుతుంది. నూనె పూత ఆ పొడిని పట్టుకోవడానికే. ఆ నూనె మోతాదు మించితే గాలిని కొలిచే సెన్సరు మీద పేరుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు ఆ సెన్సరు కళ్లలాంటిది. అది తప్పు లెక్క చెబితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి మందగిస్తుంది.

మైలేజీ పెరుగుతుందన్న మాటకూ ఆధారం తక్కువే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఈ సంగతి పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త తరం పెట్రోలు కార్లలో మూసుకుపోయిన ఫిల్టరు తీసి కొత్తది పెట్టినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా కనిపించింది వేగం అందుకోవడంలోనే. మురికి ఫిల్టరు మారిస్తేనే అంత అయితే, శుభ్రమైన ఫిల్టరు తీసి ఖరీదైనది పెడితే ఇంకెంత?

చట్టం సంగతీ మరవకూడదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండిని కంపెనీ తయారుచేసిన తీరుకు భిన్నంగా మార్చుకోవడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. డబ్బాలోని ఫిల్టరు అరిగితే అదే కొలతది వేసుకోవడం మరమ్మతు. డబ్బానే పీకేసి కొత్త అమరిక పెట్టడం వేరు. వారంటీ ఉన్న బండి అయితే రేపు ఇంజిన్లో ఏది పాడైనా వాదనకు తావిచ్చినట్టే.

చౌక లెక్క ఇలా వెయ్యాలి

ఏడాదికి 40 వేల కిలోమీటర్లు తిరిగే పికప్పు ఒకటుందనుకుందాం. లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 3,300 లీటర్లకు పైగా డీజిల్ కావాలి. లీటరు వంద రూపాయలు అనుకుంటే మూడు లక్షల ముప్ఫై వేలు. మంచి ఫిల్టరు 500 అనుకుని, ప్రతి పదివేల కిలోమీటర్లకూ మారిస్తే ఏడాదికి 2,000. దుమ్ము దారుల బండికి అయిదువేలకే మార్చినా 4,000. డీజిల్ ఖర్చులో అది నూటికి రూపాయిన్నర కూడా కాదు.

ఇప్పుడు 200 రూపాయల ఫిల్టరు వేస్తే మిగిలేదెంత? ఏడాదికి నాలుగు మారిస్తే 1,200 రూపాయలు. నెలకు వంద. అంటే రోజుకు మూడు రూపాయల చిల్లర కోసం ఇంజిన్ను పణంగా పెట్టడమన్నమాట. ఇక 6,000 పెట్టి కొనే ఫిల్టరు ధర తిరిగి రావాలంటే ఇదే లెక్కన మూడేళ్లు పడుతుంది. ఈలోగా కడిగే మందు, పూసే నూనె, ఆరేదాకా బండి ఆగడం అన్నీ అదనం. సగం ఆరిన ఫిల్టరుతోనే తెల్లారి ట్రిప్పుకి వెళ్లాల్సిన ఓనరుకు అది అచ్చిరాదు.

కాబట్టి అందుబాటు ధర అంటే అన్నిటికంటే తక్కువ ధర కాదు. తరచూ మార్చుకోవడానికి చెయ్యి వెనకాడనంత ధర. ఆ తూకం పైన చెప్పిన రెండో వరుసలోనే ఎక్కువగా కుదురుతుంది.

చేత్తో పట్టుకుని చూస్తే...

కొట్లో నిలబడే నాలుగు సంగతులు తేల్చుకోవచ్చు. ముందుగా నంబరు. ‘పికప్పుది’ అంటే చాలదు. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో ఏడాదిని బట్టి, ఇంజిన్ను బట్టి ఫిల్టరు మారుతుంది. పాత ఫిల్టరు మీది పార్టు నంబరు రాసుకెళ్లాలి. వీలైతే పాత ఫిల్టరే చేత్తో పట్టుకెళ్లి ఎత్తు, చుట్టుకొలత పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండోది అంచు రబ్బరు. అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ పైకి లేవాలి. అతుకుల దగ్గర సందు ఉండకూడదు. కాగితం ఎంత గొప్పదైనా అంచు సరిగా కూర్చోకపోతే గాలి ఆ సందులోంచే పోతుంది. గాలికి తేలిక దారే కావాలి కదా!

మూడోది మడతలు. సమానంగా, నిటారుగా ఉండాలి. ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎడంగా ఉన్నా, వేలితో కదిపితే ఊగినా పక్కన పెట్టెయ్యాలి. సెల్‌ఫోన్ లైటు లోపల పెట్టి చూస్తే కాగితంలోంచి వెలుగు ఒకే తీరుగా కనిపించాలి. సూదిమొనంత చుక్క మెరిసినా అది రంధ్రమే.

నాలుగోది బిల్లు. పెట్టె మీద తయారీదారు చిరునామా, ఎమ్మార్పీ, తయారైన నెల ఉండాలి. చాలా కంపెనీల పెట్టెల మీద ఫోన్‌తో స్కాన్ చేసి అసలుదో కాదో చూసుకునే గుర్తు ఉంటుంది. ‘బిల్లు అడగకపోతే ఇంకో యాభై తగ్గిస్తా’ అంటే ఆ యాభై ఎందుకు తగ్గుతోందో ఆలోచించాలి.

కొట్టొద్దు... కడగొద్దు

జంక్షన్ నుంచి బెజవాడ దాకా ఏ పంక్చరు కొట్టు దగ్గరైనా కనిపించే దృశ్యం ఒకటుంది. డ్రైవరు ఫిల్టరు తీసి టైరుకేసి టపటపా కొడతాడు. తర్వాత కంప్రెసరు గొట్టంతో గాలి కొట్టిస్తాడు. దుమ్ము మేఘంలా లేస్తుంది. పని అయిపోయిందనుకుంటాడు. నిజానికి పాడయ్యేది అక్కడే. కొడితే అంచు వంకరపోతుంది. టైర్లకు పట్టే ఒత్తిడితో గాలి కొడితే కాగితం కంటికి కనిపించకుండా చిరుగుతుంది. తప్పనిసరైతే తక్కువ ఒత్తిడితో, లోపలి వైపు నుంచి బయటికి, దూరం నుంచి ఊదాలి. అసలు ఊదవద్దనే కంపెనీలూ ఉన్నాయి. కాగితం ఫిల్టరును నీళ్లతో కడగడం మాట అనుకోనే కూడదు.

ఇంకో వింత. కొత్త ఫిల్టరు కంటే కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే బాగా వడకడుతుంది. పట్టిన దుమ్మే ఇంకో జల్లెడగా మారుతుంది. అందుకే రోజూ తీసి దులపడం మంచి అలవాటు కాదు. తీసిన ప్రతిసారీ నాలుగు రేణువులు శుభ్రమైన వైపు జారే అవకాశముంది. లారీలకూ ట్రాక్టర్లకూ ఫిల్టరు మూసుకుపోతే ఎర్రగీత చూపించే చిన్న సూచిక ఉంటుంది. చాలా పికప్పులకు అది ఉండదు. అందుకని మామిడి సీజను ముగిశాక ఒకసారి, వరి కోతలయ్యాక ఒకసారి తప్పకుండా మార్చడమనే లెక్క పెట్టుకుంటే గుర్తుంటుంది. మధ్యలో లోడు మీద నల్లపొగ వస్తే, లాగుడు తగ్గితే అప్పుడు తీసి చూడాలి.

పాత జీపుల కాలంలో ఈ గొడవే లేదని పెద్ద మెకానిక్కులు చెబుతారు. వాటికి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్లు ఉండేవి. అడుగున నూనె పోసిన డబ్బా. గాలి ఆ నూనెను రాసుకుంటూ పోతే దుమ్ము అందులో దిగిపోయేది. నూనె మార్చితే చాలు, కొనేదేమీ లేదు. కాకపోతే సన్నపొడిని ఆపడంలో కాగితానికి అది సాటి రాదు. ఇప్పటి టర్బో ఇంజిన్లు ఆ మాత్రం పొడిని కూడా తట్టుకోలేవు.

బేరం ఎక్కడైనా... పరీక్ష ఒక్కటే

జంక్షన్‌లో కావలసిన నంబరు దొరక్కపోతే బెజవాడ ఉండనే ఉంది. 1960లలో మొదలైన అక్కడి జవహర్ ఆటోనగర్‌లో దొరకని పార్టు లేదంటారు. ఇటు జంక్షన్‌కి దగ్గర్లోని మల్లవల్లి పారిశ్రామిక వాడలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చిలో మొదలైంది. ఎడ్లబండ్లు ఆగి సేదదీరిన ఈ దారుల్లో ఇప్పుడు బస్సులే తయారవుతున్నాయి. వాటికీ, గుడి ముందు దణ్ణం పెట్టుకుని పోయే చేపల బండికీ కావలసింది ఒకటే... దుమ్ము లేని గాలి.

అది అందుతోందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫిల్టరు తర్వాత ఇంజిన్లోకి వెళ్లే గొట్టం క్లిప్పు వదులు చెయ్యాలి. తెల్లగుడ్డ ఒకటి వేలికి చుట్టి గొట్టం లోపల తుడవాలి. గుడ్డకు మట్టి రంగు అంటితే ఫిల్టరో, దాని అంచో, గొట్టంలో పగులో మోసం చేస్తోందన్నమాట. ఆ రోజు కిరాయి మానుకునైనా సంగతి చూసుకోవాలి. తెల్లగా వస్తే, ఆ ఫిల్టరు ఎంతకు కొన్నా బేరం గిట్టుబాటైనట్టే.